స్థాలీపులాకము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కఱలేదు; ఒక్క మెతుకు చాలును. పెద్దలు దీనినే స్థాలీపులాకన్యాయమనిరి. కొందఱిని ప్రశ్నించి దేశమందలి ప్రజాభిప్రాయమిట్టిదని చెప్పువారికిని ఇదియే ఆధారము. కాని కలియబెట్టని పప్పుచారులో పైతేట మాత్రమే తీసినచో గరిటెకు పప్పు దొరకదు. గరిటె యెంత పెద్దదైనను లాభము లేదు.

1936లో అమెరికా అధ్యక్షుని యెన్నికకు ముందు లిటరరీ డైజెస్టు అను వారపత్రిక సుమారు కోటిమందికి కార్డులు పంపెను. తిరిగివచ్చినవి దాదాపు 24 లక్షలు. వానినిబట్టి ఆల్ఫ్ లాండన్‌గారే గెలుతురని ఆ పత్రిక ప్రకటించెను. తీరా చూడగా రూజ్వెల్టుగారు నూటికి 60కి పైగా వోట్లు పొంది, 48 రాష్ట్రములలో 46 గెలుచుకొనిరి. అంతకంటె ఎంతో తక్కువమందిని విచారించిన జార్జి గాలప్‌గారు ఈ గెలుపును ముందే చెప్పియుండిరి.

పత్రిక పొరపాటునకు హేతువులు రెండు. విలాసములు ముఖ్యముగా టెలిఫోను, మోటారుకారు గలవారి జాబితాలనుండి తీసినవి. ఆర్థికమాంద్యపు దినములలో అవి గలవారు కొంత కలిగినవారే గాని బీదలు కారు. అదిగాక, కార్డందినను బదులు వ్రాయనివారే యెక్కువ. వారి మనసు ఎవరికి తెలియును?

జాబితాకెక్కనివారి గతి యెట్టిదో మన దేశపు మొదటి సార్వత్రికయెన్నికలయందును చూడవచ్చును. 1951-52లో జరిగిన ఆ యెన్నికలకు దాదాపు 8 కోట్ల స్త్రీవోటర్లలో సుమారు 28 లక్షలమంది తమ పేరు చెప్పక, ఫలానివారి భార్యననియో తల్లిననియో వ్రాయించుటచే జాబితాలోనుండి తొలగింపబడిరి. అది అభిప్రాయసేకరణము కాదు, అసలు వోటే. అయినను నీతి యొక్కటే. లెక్కలో లేనివారి మాట ఫలితములో వినబడదు.

మనవంటి పత్రికలు ప్రశ్న వేసి జాబులు కోరినపుడును వ్రాయువారు చదువును తీరికయు గలవారే. వానినిబట్టి ఆంధ్రస్త్రీలందఱి మతమిదియని మేము చెప్పజాలము.

కావున ‘నూటికి ఇంతమంది’ అని యెచ్చటనైన చదివినపుడు, ఎవరినడిగిరి, వారినెట్లు ఎన్నుకొనిరి, బదులు చెప్పనివారెందఱు అని విచారింపుడు. మీ వాకిటికే ప్రశ్నించువారు వచ్చి మీ మాట కోరినచో, “ఆయన వచ్చిన తరువాత రండి” అని పంపివేయక, మీకు తోచినది మీరే చెప్పుడు.