కొనుగోలు - కొలువు - స్వాతంత్ర్యము

ఇల్లు నడుపు స్త్రీకి తెలియని లెక్క లేదు. పాలలెక్క, కిరాణా పద్దు, పిల్లల బడిజీతములు, పండుగలకు పెట్టుపోతలు - ఇవి యన్నియు ఆమె నాలుకపైననే యుండును. అయినను పెక్కు ఇండ్లలో ఎవరును వేయని లెక్క యొకటి కలదు. వెలగల వస్తువును ఇంటికి తెచ్చునపుడు దానికై చెల్లించు రూపాయలను లెక్కింతుము. ఆ రూపాయలు తెచ్చువారు కొలువులో ఇంకెంతకాలము కట్టుబడి యుండవలసివచ్చునో లెక్కింపము. ఈ మాసము మేము ముచ్చటింపదలచినది ఆ లెక్కను గూర్చియే.

సంగతి ఇట్లుండును. సంపాదించువారు - భర్త కావచ్చును, కుమారుడు కావచ్చును, ఉద్యోగము చేయు ఇల్లాలే కావచ్చును - రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు చేరి, అన్నము సయించక, "ఈ పని యిక నావలన కాదు" అందురు. ఆ వారముననే, ఆ ఇంటిలోనే, క్రొత్త కారును గూర్చియో, ఫ్లాటును గూర్చియో, నగను గూర్చియో మాటలు సాగుచుండును. ఈ రెండు మాటలును ఒక్క ఇంటివే యైనను రెండును ఒకచోట కూర్చుండవు. మొదటిది ఆరోగ్యవిషయ మనియు, రెండవది ధనవిషయ మనియు వేరువేరుగా నెంచుకొందుము. నిజమునకు రెండును ఒకే విషయము.

ఇది తేటపడుటకు నూజివీటి తోటలలోనికి పోయి చూడవలెను. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతములందును, ప్రక్కనున్న రెడ్డిగూడెము, విస్సన్నపేటలయందును మామిడియే పెక్కు కుటుంబములకు జీవనాధారము. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, ఇచ్చటివారు కలెక్టరు కాయ యనెడి తోతాపురి - ఇవి యచ్చటి ముఖ్యమైన కాపు. పుష్యమాఘములలో పూత, అటుపై పిందె, చైత్రము మొదలు జ్యేష్ఠమువరకు కోత. ఒక యేడు విరగకాచిన చెట్టు మరుసటి యేడు అలసి తక్కువ కాయుట కలదు. తేనెమంచు పురుగు పూతను మాడ్చును. వేసవి గాలిదుమారము కాయను రాల్చును. అన్నియు గట్టెక్కి కాయ నున్న విపణికి చేరిన దినమున ధర పడిపోవచ్చును. 2025లో చిత్తూరు ప్రాంతమున తోతాపురి ధర ఎంతగా పడిపోయినదనగా, ప్రభుత్వము కిలోకు 4 రూపాయల చొప్పున రైతునకు తోడ్పాటు ప్రకటింపవలసివచ్చినది.

ఇందువలన కొందరు తోటవారు పూతలోనో పిందెలోనో కాపును వర్తకునకు గుత్తకిత్తురు. బయానా చేతిలో పడును. ఆ దినము మొదలు తోట మనదే గాని కాపు మనది కాదు. వైశాఖమున ధర రెట్టింపైనను మనము నోరు మెదపరాదు. నాలుగుదినములు ఆగి కోసిన మేలని తోచినను ఆపుటకు మనకు హక్కు లేదు. గుత్తకిచ్చుట తప్పని మే మనుట లేదు. గాలిదుమారము వచ్చి కాయ రాలినచో ఆ నష్టము సాధారణముగా గుత్తదారునిది. తోటవారు ఆ నిశ్చింతనే తగ్గింపు ధరకు కొనుక్కొనుచున్నారు. కావలిమనుషులు లేనివారికి, మందు కొట్టించు శక్తి లేనివారికి అది తెలివైన బేరమే కావచ్చును. కాని ఆలోచించి గుత్తకిచ్చుట వేరు, పెండ్లిఖర్చునకో పాతబాకీకో చేయిచాచి పూతలోనే అమ్ముకొనుట వేరు. మొదటివారు ధర పలుకుదురు. రెండవవారు ఇచ్చినది పుచ్చుకొందురు.

ఇప్పు డీ తోటల బిడ్డలలో అనేకులు జీతగాండ్రైనారు. 2008లో నూజివీటిలో నెలకొన్న రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యాలయము, పల్లెలలో పదవతరగతి ముగించిన బాలబాలికలను చేర్చుకొని ఆరేండ్లలో ఇంజనీర్లనుగా చేసి పంపుచున్నది. హైదరాబాదునకును, బెంగుళూరునకును పోయిన ఆ బిడ్డలకు నెల తిరుగగానే జీతము వచ్చును గనుక, దుమారముల భయము తీరినదని తల్లిదండ్రులు సంతసింతురు. ఆ సంతోషము న్యాయమైనదే. అయినను జీతపు చెట్టునకును పురుగు లేకపోలేదు. 2023 జనవరిలో గూగుల్ సంస్థ యొక్కటే లోకమంతట సుమారు 12,000 మందిని తొలగించెదనని ప్రకటించినది. తొలగింపబడనివారిపై పని మరింత బరువగుటయు కద్దు.

జీతమును చూపి ఏడేండ్ల ఋణము తీసికొనుట యనగా రానున్న ఏడు కాపులను పూతలోనే అమ్ముకొనుట. ఇందు తోటకంటె కష్టమైన సంగతి యొకటి యున్నది. గుత్తకిచ్చిన తోటలో దుమారపు నష్టము కొన్నవానిది. బ్యాంకు ఋణములో దుమారమును మనదే. ఉద్యోగము పోయినను, జబ్బుపడినను, పైయధికారి దుర్భాషలు భరింపలేక మానివేయదలచినను, అయిదవ తేదీ వాయిదా ఆగదు. ధరయు మనచేత లేదు, నష్టమును తప్పలేదు. ఈ రెండు బరువులును ఒక్క సంతకముతో నెత్తికెత్తుకొనుచున్నామని ఎరిగి సంతకము చేయుట వేరు, ఎరుగక చేయుట వేరు.

ఇక లెక్కకు వత్తము. ఒక్కరి జీతముపై నడచు నొక కుటుంబము నూహించుకొందము. నెలకు ఇంటిఖర్చు 40,000 రూపాయలు. నిలువయున్నది 6 లక్షలు. నిలువను ఖర్చుతో భాగించిన 15 వచ్చును. అనగా రేపు కొలువు మానినను 15 నెలలు ఈ ఇల్లు ఎవరిని యాచింపనక్కరలేదు. ఈ 15ను మేము "స్వాతంత్ర్యపు నెలలు" అందుము.

ఇపుడు 14 లక్షల కారు వచ్చినదనుకొందము. 4 లక్షలు రొక్కమిచ్చి, 10 లక్షలు నూటికి ఏడాదికి 9 వడ్డీతో ఏడేండ్లకు తీసికొన్నచో నెలవాయిదా సుమారు 16,090 రూపాయలు. ఏడేండ్లకు కట్టునది మొత్తము సుమారు 13,51,500. ఇందు వడ్డీయే మూడున్నర లక్షలకు పైబడి యున్నది. ఇది అందరును వేయు లెక్క. మన లెక్క ఇంకొకటి. నిలువ 2 లక్షలకు దిగినది. పెట్రోలు, బీమా, మరమ్మతులకు నెలకు 6,000 అనుకొన్నను, ఇంటిఖర్చు సుమారు 62,000కు ఎగబ్రాకినది. 2 లక్షలను 62,000తో భాగింపుడు: మూడునెలల చిల్లర! కారు ఖరీదు 14 లక్షలని అంగడివారు చెప్పుదురు. దాని ఖరీదు పండ్రెండు నెలల స్వాతంత్ర్య మని చెప్పవలసినది మనము.

15 నెలల ధైర్యము గలవారు పైయధికారితో, "ఆదివారము నేను రాలేను" అని మెల్లగా, మర్యాదగా చెప్పగలరు. వేరొక కొలువు వెదకుకొనుటకు వ్యవధి యుండును. మూడునెలల వారికి ఆ మాట గొంతు దాటదు. కావున ఉద్యోగపు బాధలో కొంత ఉద్యోగములోనిది, కొంత మన వాయిదాలలోనిది. జీతము తక్కువైనను నిమ్మళమైన పనికి మారుదమా యని యోచించువారికి కాలికి తగులు మొదటి బంధము ఈ వాయిదాయే.

మరియొక చిక్కును గమనింపవలెను. బడలిన మనస్సు ఓదార్పు వెదకును. "ఇంత కష్టపడుచున్నాను, ఈమాత్రము అనుభవింపరాదా?" యని యనుకొనుట సహజము, అందులో దోషము లేదు. కాని ఆ ఓదార్పు ఏడేండ్ల వాయిదాగా మారినచో ఏ పనివలన బడలినామో ఆ పనికే మరింత గట్టిగా కట్టివేయబడుదుము. పదిదినములు సెలవు పెట్టి తోటలోని ఇంటికిపోయి చెట్టునీడను నిదురించిన తీరెడి బడలికకు 14 లక్షల మందు అక్కరలేదు. అట్టి విశ్రాంతితోకూడ తీరనిచో, ఆ బడలికకు మూలము కొలువులోనే యున్నదని తెలియును; అప్పుడు కావలసినది వస్తువు కాదు, వైద్యుని సలహాయో, వేరు కొలువో.

ఇట్లని వెలగల వస్తువులన్నియు బంధములే యనుట పిసినితనము. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగపు సర్వేలో, ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఆ 299 నిమిషములలో గంట తగ్గించు బట్టలుతుకు యంత్రము విలాసవస్తువు కాదు. నడువలేని అత్తగారిని ఆసుపత్రికి కొనిపోవుటకు, ఊరివెలుపల నివసించువారికి, కారు అవసరమే కావచ్చును. దినమునకు మూడుగంటల ప్రయాణము తప్పించు దగ్గరి ఇల్లు జీవితకాలమును మిగుల్చును. అందుచే వస్తువు ఎన్ని స్వాతంత్ర్యపు నెలలను హరించునో, ఎన్ని గంటల శ్రమను తిరిగి యిచ్చునో రెండును తూచవలెను. పొరుగింటివారి కన్నులకొరకు కొన్నది మాత్రము తక్కెడలో రెండవవైపు ఏమియు ఉంచదు.

ఇవి లక్షల జీతగాండ్ర మాటలు, మనకేమి యని కొందరు సోదరీమణులు అనుకొనవచ్చును. అట్లనుకొనరాదు. 2006 మార్చిలో కృష్ణాజిల్లా అధికారులు సూక్ష్మఋణ సంస్థల శాఖలను సుమారు 50టిని మూయించిరి. 2022లో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు అప్పటికి కృష్ణాజిల్లాలోనిదే. వడ్డీల భారమును, వసూళ్ళలోని నిర్బంధమును గూర్చిన మొరలే దానికి కారణము. 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము అట్టి సంస్థలను అదుపుచేయుటకు ఆర్డినెన్సునే తేవలసివచ్చినది. ఆ ఋణములు వేలలోనివి. సంతకములు మాత్రము స్త్రీలవి. వారపు వాయిదా యున్న ఇల్లాలికి ఒడలు కాలుచున్నను కూలికి పోక తప్పదు. మొత్తము చిన్నదైనంతమాత్రమున బంధము చిన్నదికాదు.

కొనదలచినవారు ఈ క్రింది పద్ధతిని అవలంబించిన మేలు. వస్తువును తెచ్చుటకు ముందు ఆరునెలలు, వచ్చినట్లే భావించి, వాయిదా సొమ్మును, నడపుఖర్చును వేరు ఖాతాలో వేయుడు. పై లెక్క ప్రకారము నెలకు సుమారు 22,000, ఆరునెలలకు 1,32,000. ఇల్లు ఒడుదుడుకులు లేక నడచినచో కొనగల శక్తి యున్నదని తెలిసినట్లే, ఋణమును ఆమేరకు తగ్గును. మూడవనెలలోనే ఆ ఖాతాలో చేయిపెట్టవలసివచ్చినచో, ఏ నష్టమును లేకుండ సత్యము తెలిసినది. రాబోవు జీతపు పెంపును నమ్మి కొనుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగ మన్న సామెతవంటిది.

సంతకము చేయుటకు ముందు కాగితము చదువుడు. 2024 అక్టోబరు 1 మొదలుకొని మంజూరగు గృహస్థుల ఋణములకు, ముఖ్యాంశములు గల పత్రమును బ్యాంకులు ముందుగా ఈయవలెనని రిజర్వుబ్యాంకు ఆజ్ఞ. అది ఋణగ్రహీతకు అర్థమగు భాషలో నుండవలెను. అన్ని రుసుములను కలిపిన అసలు వార్షికపు రేటు అందుండును. దానిని తెలుగులో అడిగి తీసికొనుడు. మారుచుండు వడ్డీగల గృహఋణమును ముందుగా తీర్చివేసినచో జరిమానా వేయరాదని 2012లోనే నియమము వచ్చినది. కారు ఋణములు సాధారణముగా స్థిరవడ్డీవి. వానిలో జరిమానా యుండవచ్చును గనుక ముందే విచారింపుడు. భర్తతోపాటు సహఋణగ్రహీతగా సంతకము చేసిన ఇల్లాలు సగమునకు గాదు, మొత్తమునకు బాధ్యురాలని మరువరాదు. "ఇక్కడ ఒక చేవ్రాలు చేయు" మన్నంతనే చేయుట పాతివ్రత్యము గాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాటలాడుకొనుట. కొలువు చేయువారు బాధ చెప్పుకొనునపుడు, "అందరును చేయుట లేదా?" యని త్రోసివేయవద్దు, కొనుగోలు మాట వచ్చినపుడు, "మీ యిష్టము" అని తప్పించుకొనవద్దు. నెల కొకసారి, జీతము వచ్చిన రాత్రి, ఇద్దరును కూర్చుండి నిలువను ఖర్చుతో భాగించి ఆ సంఖ్యను పద్దుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనుడు. అది ఆరునకు దిగువ నున్నంతకాలము వెలగల వస్తువును ఋణముపై తేకుండుట మంచిదని మా యభిప్రాయము. సంఖ్య పెరుగుచున్న ఇంటిలో కొలువు కొంత తేలికపడును.

బంగారము సంగతి ఇందు వ్రాయలేదేమని అడుగువారుందురు. తరుగు, మజూరి పేర పోవునదెంత, కష్టకాలమున చేతికి వచ్చునదెంత యను విషయము ప్రత్యేకముగా ముచ్చటింపదగినది; దానిని వచ్చు మాసమున వ్రాయుదుము. ఈలోపల సోదరీమణులు తమ ఇంటి స్వాతంత్ర్యపు నెలలు ఎన్నియో ఒకసారి లెక్క వేసి చూచుకొందురుగాక.