నొప్పి తగ్గితే వంటింటికి పరుగేనా?

"నడుంనొప్పి లేని ఆడది ఎవరమ్మా!" అంటారు మన ఇళ్ళల్లో. అలా అనేసి ఊరుకోబట్టే, ఆ నొప్పి ఎందుకొచ్చిందో తెలియడానికే మనలో చాలామందికి ఏళ్ళు పడుతోంది. నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. కాన్పులయ్యాక ఇంతే అన్నారు, ఒళ్ళొచ్చిందన్నారు, వయసన్నారు. చివరికి ఎక్స్‌రేలో తేలిందేమిటంటే, నా నడుంలోని ఆఖరి పూస పుట్టుకతోనే ఒక పక్క రెక్కలా వెడల్పుగా ఉండి, కిందనున్న పెద్ద ఎముకని ఆనుకుని అక్కడో కీలులా తయారైంది. ఇలాంటి పూసకీ, నడుంనొప్పికీ ఉన్న సంబంధాన్ని 1917లో ఇటలీ డాక్టరు మారియో బెర్టొలొట్టి వివరించారు. అందుకే దీన్ని బెర్టొలొట్టి సిండ్రోమ్ అంటారు.

అయితే ఇలాంటి పూస ఉన్నవాళ్ళందరికీ నొప్పి రాదు. ఎక్స్‌రేలో కనిపించినంత మాత్రాన తప్పంతా దానిదే అనడానికి లేదు. ఇంజెక్షన్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఎక్స్‌రే తెరమీద చూస్తూ, ఆ కీలులోకి మొద్దుబారే మందూ, స్టెరాయిడూ కలిపి ఎక్కిస్తారు. మొద్దుబారిన ఆ కొద్ది గంటలూ నొప్పి పోతే, అది పుట్టేది అక్కడేనని ఒక ఆధారం దొరికినట్టు. స్టెరాయిడ్ వల్ల కొందరికి కొన్ని వారాలో, నెలలో హాయిగా ఉంటుంది. కొందరికి ఏమీ తెలియదు. పూస ఆకారం మాత్రం ఎవరికీ మారదు.

అందుకని ప్రతి నడుంనొప్పికీ సూదే మందనుకోకండి. నడుంనొప్పికి వెన్నులో ఇంజెక్షన్లు ఇవ్వొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. దీర్ఘకాలపు వెన్నునొప్పికి వీటిని వాడొద్దని 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలూ గట్టిగా చెప్పాయి. కాబట్టి ఒప్పుకునేముందు డాక్టరుగారిని అడగండి: "ఇది ఎక్కడ ఇస్తారు? దేనికోసం? తగ్గకపోతే తర్వాతేమిటి?" అడగడం అమర్యాదేం కాదు. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, గర్భం అనే అనుమానమున్నా ముందే చెప్పండి. స్టెరాయిడ్‌తో కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది. ఇంజెక్షన్ తర్వాత జ్వరం వచ్చినా, కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం బిగబట్టినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక నా అసలు బాధ వేరే. సూది పడిన మర్నాడే ఇంట్లో "తగ్గిందిగా?" అని అడుగుతారు. తగ్గిందనగానే అటకమీద సామాన్లూ, నానబెట్టిన దుప్పట్లూ, వాయిదా పడిన పిండివంటలూ అన్నీ గుర్తొస్తాయి. మనమూ తక్కువ తినలేదు, పని పేరుకుపోయిందని కొంగు బిగిస్తాం. నొప్పి లేని ఆ నాలుగు వారాలూ ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేసి, నడుం కండరాలకి బలం తెచ్చుకోవాల్సిన రోజులు. వాటిని బిందెలు మోయడానికి ఖర్చుపెడితే మళ్ళీ మొదటికే వస్తాం.

సూదికి డబ్బిచ్చి ఊరుకుంటే ఇంటివాళ్ళ బాధ్యత తీరిపోదు. ఆ నాలుగు వారాలూ బరువులెత్తే పని ఎవరు చేస్తారో ఆస్పత్రికి వెళ్ళకముందే తేలాలి. ఈ సంగతి డాక్టరు చీటీలో ఉండదు. నోరు తెరిచి మనమే చెప్పాలి.