చెత్త ఏదో తేల్చాల్సింది మనమే



"సార్, మా ఇంట్లో కంప్యూటర్ బాగా స్లో అయిపోయింది. ఏదైనా మంచి క్లీనర్ ఉంటే చెప్పండి." పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాటలు అయ్యాక మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది. నా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. ఏ క్లీనరూ వద్దు. ఒక ఆదివారం అరగంట మీ పిల్లలతో కలిసి కూర్చోండి, చాలు.

ఇలా చెప్పడానికి నాకు సొంత అనుభవమే ఉంది. పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే నేను కూడా రెండేళ్ల క్రితం ఓ ఉచిత క్లీనర్ డౌన్‌లోడ్ చేశాను. స్కాన్ చేయగానే తెర మీద ఎర్రటి అక్షరాలతో వందల కొద్దీ "సమస్యలు" చూపించింది. కంగారుపడి, చదవకుండానే "క్లీన్ ఆల్" నొక్కేశాను. నాలుగు రోజులకు మా అబ్బాయి వచ్చి, "నాన్నా, నానమ్మ వాయిస్ మెసేజ్‌లు కనిపించడం లేదేంటి?" అన్నాడు. ఫోన్ మార్చేటప్పుడు వాడు వాటిని కంప్యూటర్‌లోకి దించుకుని, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే వదిలేశాడు. మా అమ్మ అప్పటికి కాలం చేసి ఏడాది. రికవరీ షాపుకు తీసుకెళ్లాను. కొన్ని ఫైళ్లు తిరిగొచ్చాయి, ఆమె గొంతు మాత్రం రాలేదు. మన కొత్త కంప్యూటర్లలో ఉండే ఎస్‌ఎస్‌డీలలో ఒకసారి డిలీట్ అయిన ఫైల్‌ను తిరిగి రాబట్టడం చాలా కష్టం.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనను. దానికి పాత ఫైల్ అంటే పాత ఫైలే. అది నానమ్మ గొంతో, పనికిరాని ఇన్‌స్టాలరో దానికేం తెలుస్తుంది?

ఇంకో సంగతి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు మన కంప్యూటర్‌లో దేన్నైనా మార్చే అధికారం ఇస్తాం. అంటే ఇంటి తాళాలు చేతిలో పెట్టినట్టే. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు తమ కోడ్ చొప్పించారు. అది కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే జనానికి చేరింది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలో ఆ వెర్షన్ పడిందని కంపెనీయే ప్రకటించింది. పేరున్న సాఫ్ట్‌వేర్ పరిస్థితే అది. ఇక "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అంటూ బ్రౌజర్‌లో ఎగిరిపడే ప్రకటనల సంగతి వేరే చెప్పాలా? "రిజిస్ట్రీ క్లీనింగ్" మాటకూ లొంగకండి. అలాంటి క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ సంస్థే చెబుతోంది.

మరి కంప్యూటర్ నిండిపోతే? దానికి కావలసినవి విండోస్ 10, 11లలో ముందే ఉన్నాయి. మొదట ఫొటోలు, ప్రాజెక్టులు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరవండి. ఏది ఎంత చోటు తింటోందో అక్కడ కనిపిస్తుంది. జాబితాలో "డౌన్‌లోడ్స్" పక్కన టిక్ ఉంటే తీసేయండి. ఆ ఫోల్డర్‌ను విడిగా తెరిచి, ఒక్కో ఫైల్ చూసి తేల్చుకోండి. రీసైకిల్ బిన్‌ను కూడా ఒకసారి చూశాకే ఖాళీ చేయండి.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. డిస్క్ దాదాపు నిండిపోయి ఉంటే తప్ప, ఫైళ్లు తీసేసినంత మాత్రాన కంప్యూటర్ పరుగులు పెట్టదు. ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములే చాలా ఇళ్లలో అసలు కారణం. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ విభాగం తెరిచి, అక్కర్లేని వాటిని ఆపేయండి.

"అరగంట ఎక్కడ దొరుకుతుంది సార్?" అంటారని తెలుసు. ఆ అరగంట కంప్యూటర్ కోసం మాత్రమే కాదు. భోగికి ముందు ఇంట్లో పాత సామాన్లు బయటికి తీసేటప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూస్తారు. "ఇది ఉండనీ" అని కొన్ని పక్కన పెడతారు, ఎందుకో పిల్లలకు చెబుతారు. ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో పిల్లలు అలాగే నేర్చుకున్నారు. ఫైళ్ల విషయంలోనూ అంతే. పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎందుకు ఉంచుదాం?" అని అడగండి. ఫైల్‌కు పేరు పెట్టడం, సరైన ఫోల్డర్‌లో పెట్టడం, రెండో కాపీ ఉంచడం నేను క్లాసులో చెప్పగలను. అలవాటు చేయించేది మాత్రం మీ ఇల్లే.

ఈ ఆదివారం మొదలుపెట్టండి. ముందుగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. అందులో ఎవరి గొంతు ఉందో చూడండి.

– మీ పిల్లల కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుడు