చలి ప్రయాణము – టైరులో గాలి



క్రిస్మస్ ఆరాధనలు, పాత సంవత్సరపు ఆఖరి రాత్రి కూటములు, జనవరిలో సువార్త సభలు – మన సంఘ కుటుంబములు ఎక్కువగా ప్రయాణము చేసేది ఈ చలి నెలలలోనే. బస్సు రాని ఊళ్లకు జీపులే దిక్కు. కాబట్టి ఈ నెల జీపు నడిపే సహోదరులతోను, అందులో ఎక్కే కుటుంబములతోను నాలుగు మాటలు చెప్పాలని ఆశపడుచున్నాము.

చింతపల్లి మండలములోని లంబసింగి వంటి ఏజెన్సీ ఊళ్లలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి ఒక్కొక్కసారి సున్నా డిగ్రీల దరిదాపులకు వస్తుంది. ఆ వేళ బయలుదేరిన జీపు మొదటి కొన్ని కిలోమీటర్లు రాయి మీద రాయి పడినట్టు కుదుపుతుంది. వెనుక బల్ల మీద కూర్చున్న అవ్వ నడుము పట్టుకుంటుంది. చంటిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. "గాలి ఎక్కువైంది, కొంచెం తీసెయ్యి బాబూ" అని ఎవరో అంటారు. డ్రైవరు దిగి తీసేస్తాడు. ప్రమాదము అక్కడే మొదలవుతుంది.

నిజమునకు టైరులో గాలి ఎక్కువ కాలేదు, తగ్గింది. వాతావరణము సుమారు ఐదున్నర డిగ్రీలు చల్లబడితే టైరులో ఒక పాయింటు ఒత్తిడి తగ్గుతుంది. మధ్యాహ్నము 27 డిగ్రీలున్న చోట తెల్లవారేసరికి 5 డిగ్రీలైతే, నిన్న 35 పాయింట్లున్న టైరులో నేడు 31 మాత్రమే ఉంటుంది.

మరి కుదుపు ఎందుకు? చలికి టైరు రబ్బరు బిగుసుకుంటుంది. షాక్ అబ్జార్బర్లలోని నూనె చిక్కబడుతుంది. రబ్బరు బుష్‌లు గట్టిపడతాయి. రాత్రంతా ఒకే చోట నిలిచిన టైరు, ముఖ్యముగా నైలాన్ టైరు, నేలను ఆనిన చోట కొంచెము చదునై ఉంటుంది. పైగా బరువులు మోయుటకు చేసిన టైర్లు, కమాను పట్టీలు సహజముగానే గట్టివి. కొంత దూరము మెల్లగా నడిస్తే ఇవన్నీ వేడెక్కి సర్దుకుంటాయి. ఓపిక పట్టవలసిన చోట గాలి తీస్తే, ఇరవై మంది ఎక్కిన బండి కింద టైరు ప్రక్కలు నలిగి, లోలోపల కాగి, ఘాట్ రోడ్డు మీద పగిలిపోవచ్చు. నడుము నొప్పికి మందు ఉంది, లోయలో పడిన బండికి లేదు.

కాబట్టి ప్రియులారా, ఈ సంగతులు గమనించండి.

1. గాలి ఉదయమే, బండి కదలక ముందే చూచుకోండి. పరుగెత్తి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది, అది చూచి గాలి తీయకండి. స్టెప్నీని కూడా మరువకండి.

2. ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకములోగాని, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలోగాని ఉంటుంది. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకె అది ఓర్చగల గరిష్ఠము, మనము పట్టించవలసిన కొలత కాదు. అంతకు మించితే కుదుపు ఎక్కువ, పట్టు తక్కువ.

3. వెనుక చక్రముల మీద, వాటి వెనుక కుదుపు ఎక్కువ. వృద్ధులను, గర్భిణీలను, చంటిబిడ్డల తల్లులను ముందు, మధ్య సీట్లలో కూర్చోబెట్టండి. వెనుక బల్లలు యౌవనస్థులవి. పట్టినంత మందినే ఎక్కించండి. మిగిలిన వారికి రెండవ ట్రిప్పు వేయండి.

గాలి టైరు వాడుకలోకి వచ్చుటకు ఒక బిడ్డ సుఖమే కారణము. ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి కుదుపు లేకుండా నడవాలని గాలి నింపిన రబ్బరు గొట్టమును చక్రములకు చుట్టెను. 1888లో దానికి పేటెంటు పొందెను. మీ జీపు చక్రములలో ఉన్నది ఒక తండ్రి ప్రేమ నుండి పుట్టిన పనితనము.

సామెతల గ్రంథము 12వ అధ్యాయము 10వ వచనము ఇంటిల్లిపాది కలిసి చదవండి. పశువు విషయములోనే నీతిమంతునికి అంత బాధ్యత ఉంటే, తనను నమ్మి బండి ఎక్కిన తల్లుల విషయములో ఎంత ఉండాలి? ప్రార్థన చేసి బయలుదేరుట మన సంఘములలో మంచి అలవాటు. ఆ ప్రార్థనకు ముందు డ్రైవరు తమ్ముడు నాలుగు చక్రముల చుట్టూ ఒకసారి తిరిగి రానివ్వండి. అందుకు పట్టే ఐదు నిమిషములు ఆరాధనకు ఆలస్యము కాదు, ఆరాధనలో భాగమే.

మీ ప్రయాణములన్నిటిలో ప్రభువు మీకు తోడైయుండును గాక.