గుంజుకున్న తుపాకీకి లెక్క ఎవరు చెప్పాలి?

శంషాబాద్ విమానాశ్రయంలో తుపాకీకి ఉన్న కట్టుబాట్లు అక్కడినుండి ప్రయాణించే వారందరికీ తెలిసినవే. లైసెన్సు ఉన్న ప్రయాణికుడైనా తన వద్ద ఆయుధం ఉన్నదని ముందుగా ప్రకటించాలి. తూటాలు తీసివేసి, దానిని సామానులో అప్పగించాలి. వెంటబెట్టుకొని విమానంలో కూర్చునే వీలు లేదు. సంచి మూలన మరచిపోయిన ఒక్క తూటా తనిఖీలో కనిపించినా ప్రయాణం ఆగిపోతుంది, ఆయుధ చట్టం కింద కేసు నమోదవుతుంది. తెలిసి దగ్గర ఉంచుకున్నది కాదని తేలినప్పుడు హైకోర్టులు ఇటువంటి కేసులను కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. అయినా ఆ ఒక్క తూటాకు సంజాయిషీ చెప్పక తప్పదు. ఇది సబబే. నలుగురు మసలే చోట ఆయుధానికి లెక్క ఉండవలసిందే.

న్యాయస్థానం వద్ద కూడా సామాన్యునికి ఇదే పద్ధతి. లైసెన్సు ఉన్న తుపాకీని సైతం బహిరంగ స్థలంలో బయటికి కనిపించేలా తీసుకువెళ్లరాదని 2016 నాటి ఆయుధ నియమాలు చెబుతున్నాయి. కక్షిదారుడు సంచి విప్పి చూపిస్తేనే కోర్టు లోపలికి అడుగు పెట్టగలడు. మరి నిందితుని జైలు నుండి కోర్టుకు, కోర్టు నుండి జైలుకు తీసుకువెళ్లే బందోబస్తు చేతిలోని తుపాకీకి లెక్క ఎక్కడ ఉన్నది? ఆ లెక్కను న్యాయస్థానం ఎన్నడైనా అడిగిందా? మా ప్రశ్న ఇదే.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపంలోని తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరాన్ని తలచుకుంటే నేటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ బిడ్డ కోసం దేశమంతా కన్నీరు పెట్టింది, మేమూ పెట్టాము. ఆ రాత్రి తల్లిదండ్రులు ఠాణాకు పరుగెత్తితే, అది తమ పరిధి కాదంటూ ఒక ఠాణా నుండి మరొక ఠాణాకు తిప్పారు. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. తరువాత నలుగురు నిందితులను పట్టుకున్నారు. జనం షాద్‌నగర్ ఠాణాను ముట్టడించడంతో వారిని కోర్టుకు తీసుకువెళ్లలేదు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునే ఠాణాకు రప్పించి రిమాండు చేయించారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, పోలీసు కస్టడీలో ఉన్న ఆ నలుగురూ చటాన్‌పల్లి వద్ద పోలీసు తూటాలకు బలయ్యారు. నిందితులు తమ కళ్లలో మట్టి చల్లి, పిస్తోళ్లు గుంజుకొని కాల్పులు జరిపారని పోలీసులు చెప్పారు. జనం పోలీసులపై పూలు చల్లారు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఏమి తేల్చింది? నిందితులు ఆయుధాలు గుంజుకోలేదని, పారిపోవడానికి ప్రయత్నించలేదని, చంపే ఉద్దేశంతోనే వారిపై కాల్పులు జరిగాయని తేల్చింది. పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. చనిపోయిన వారిలో ముగ్గురు మైనర్లని నిర్ధారించింది. 2022 మే నెలలో నివేదిక బహిర్గతమైంది. తదుపరి చర్యల కోసం సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఆనాడు సామాజిక మాధ్యమాలలో నలుగురిలో ఒక్క పేరునే ఎత్తి చూపి, నేరానికి మతం రంగు పూసిన పెద్దమనుషులను మేము మరచిపోలేదు. ఆ నలుగురిలో ముస్లిం ఒక్కడే. మిగిలిన ముగ్గురూ హిందూ కుటుంబాల పిల్లలు. అదుపు తప్పిన తుపాకీ మతం అడగదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి? కనుక ఇది ఒక్క ముస్లింల సమస్య అని మేము అనడం లేదు. కాని ముస్లింలు దీనిని తమ సమస్యగా పట్టించుకోకపోతే మిగిలేది నష్టమే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2019 లెక్కల ప్రకారం విచారణ ఖైదీలలో వారు 18 శాతానికి పైగా ఉన్నారు. జైలు వ్యానులో కోర్టుకు వెళ్లే దారి మన సమాజానికి కొత్త దారి కాదు.

ఆ దారిలో ఏమి జరగగలదో 2015 ఏప్రిల్ 7న ఆలేరు వద్ద చూశాము. వరంగల్ జైలు నుండి హైదరాబాద్ నాంపల్లి కోర్టుకు తెస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే కాల్పులలో మరణించారు. కారణం మళ్లీ అదే: ఆయుధం గుంజుకోబోయారట! చేతులకు బేడీలతో, కూర్చున్న సీట్లలోనే పడి ఉన్న మృతదేహాల ఛాయాచిత్రాలను రాష్ట్రమంతా చూసింది. వారిపై ఉన్న అభియోగాలు నిజమా, అబద్ధమా అని తేల్చవలసిన న్యాయమూర్తి ముందుకు ఆనాడు వారు చేరనే లేదు.

చేరి ఉంటే ఏమయ్యేది? 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తరువాత అరెస్టయిన పాతబస్తీ యువకులను గుర్తు చేసుకోండి. వారిని ఉగ్రవాదులని లోకమంతా నమ్మింది. కోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. ప్రభుత్వమే పరిహారం ప్రకటించవలసి వచ్చింది. వారు కోర్టు గడప వరకు ప్రాణాలతో చేరారు గనుకనే ఆ సత్యం బయటపడింది. దారిలోనే ఎవరో ఆయుధం గుంజుకున్నారని కథ చెప్పి ఉంటే, ఆ తల్లులు నేటికీ ఉగ్రవాదుల తల్లులుగానే బ్రతికేవారు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో స్టాకు రిజిస్టర్లు రాసిన అనుభవం మాది. కార్యాలయంలో ఒక కుర్చీ లెక్క తప్పితే గుమాస్తాకు మెమో వస్తుంది, జీతం నుండి సొమ్ము కోత పడుతుంది. మరి ప్రభుత్వం అప్పగించిన పిస్తోలు, బేడీలు వేసిన ఖైదీ చేతికి పోయిందంటే ఆ మెమో ఎవరికి వెళ్లాలి? గుంజుకున్నారన్న మాట నిజమైతే, ఆయుధాన్ని కాపాడుకోలేని సిబ్బందిదీ, వారిని పంపిన అధికారిదీ తీవ్రమైన నిర్లక్ష్యం. ఆ మాట అబద్ధమైతే అది హత్య. ఈ రెండింటిలో ఏదైనా పోలీసు శాఖ జవాబుదారీయే. మూడవ దారి లేదు. కాని మన దేశంలో ఆ మూడవ దారే రాజమార్గమైంది: నిర్లక్ష్యమూ కాదట, నేరమూ కాదట, అది శౌర్యమట!

చటాన్‌పల్లి ఘటన జరిగిన ఆ డిసెంబరులోనే పార్లమెంటు ఆయుధ చట్టాన్ని సవరించింది. పోలీసుల నుండి బలవంతంగా ఆయుధం లాక్కున్నవారికి పదేళ్లకు తగ్గని జైలు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష విధించవచ్చునన్నది. అంటే తుపాకీ గుంజుకున్న నేరానికి కూడా చట్టంలో మరణశిక్ష లేదు. ఆ శిక్ష విధించే అధికారం సైతం న్యాయమూర్తిదే గాని, బందోబస్తు సిబ్బందిది కాదు.

పోలీసుల ప్రాణాలకు విలువ లేదా అని కొందరు అడుగుతారు. తప్పక ఉన్నది. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉన్నది. అందుకే ఖైదీకి అందనంత దూరంలో ఆయుధాన్ని ఉంచమంటున్నాము. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీ రోహిణి కోర్టులో న్యాయవాదుల దుస్తులలో వచ్చిన దుండగులు న్యాయమూర్తి ఎదుటే ఒక నిందితుని కాల్చి చంపారు. 2023 ఏప్రిల్ 15న ప్రయాగ్‌రాజ్‌లో పోలీసుల నడుమ, బేడీలతో ఉన్న మాజీ ఎంపీ అతీక్ అహ్మద్‌ను, ఆయన తమ్ముణ్ణి విలేకరుల వేషంలో వచ్చినవారు కాల్చారు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు, కోర్టుల భద్రతకు ప్రణాళికలు రూపొందించాలని హైకోర్టులకు సూచించింది. ఆ ప్రణాళిక గేటు దగ్గర, కెమెరా దగ్గర ఆగిపోరాదు. వ్యానులోకీ రావాలి.

కాబట్టి మేము కోరేది ఇది. ఖైదీ చేయి పట్టుకొని నడిపించే పోలీసు వద్ద ఆయుధం ఉండరాదు. ఆయుధం ఉన్న పోలీసు ఖైదీకి అందేంత దగ్గరలో ఉండరాదు. బందోబస్తుకు ఇచ్చిన ప్రతి తుపాకీ సంఖ్య, ప్రతి తూటా లెక్క జైలు గేటు వద్ద ఒకసారి, కోర్టు వద్ద మరొకసారి రిజిస్టరులో ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో మళ్లీ సరిచూడాలి. కోర్టు హాలులోకి వెళ్లే సిబ్బంది తమ ఆయుధాలను ఆవరణలోనే కాపలా ఉన్న గదిలో అప్పగించాలి. వ్యానులో కెమెరా ఉండాలి, దాని రికార్డు కోర్టు అధీనంలో ఉండాలి. నేరస్థలానికి నిందితుని తీసుకువెళ్లాలంటే ఏ వేళ, ఎంతమందితో, ఏ ఆయుధాలతో అన్నది మేజిస్ట్రేటుకు ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. కాల్పులు జరిగితే సిబ్బంది ఆయుధాలను ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. దానిని అక్షరాలా అమలు చేయాలి.

వీటిలో ఏ ఒక్కటీ ఖజానాకు భారం కాదు. కావలసింది ఒక రిజిస్టరు, ఒక తాళం, ఒక సంతకం. సంతకం పెట్టడానికి ఎవరైనా భయపడుతున్నారంటే, ఆ భయానికి కారణమేమిటో ప్రజలు అడగాలి. రాజేంద్రనగర్, షాద్‌నగర్, ఎల్బీనగర్ కోర్టుల న్యాయవాద సంఘాలు ఈ కోరికను తమదిగా చేసుకోవాలి. మన జమాత్ పెద్దలు, మసీదు కమిటీలు హైకోర్టుకు వినతిపత్రాలు పంపాలి. సామాన్యుని సంచిలోని ఒక్క తూటాకు లెక్క అడిగే రాజ్యం, తన చేతిలోని తుపాకీకి తానే లెక్క చెప్పి తీరాలి.