కొలతల పుస్తకంలో లేని గడి

ఇంట్లో మిషను కుట్టే ఏ ఆడమనిషి దగ్గరైనా ఒక నోటుపుస్తకం ఉంటుంది. పేజీకో పేరు. పేరు కింద పొడవు, భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు, చేతి లూజు, ముందు మెడ, వెనక మెడ. పావు అంగుళం తేడా ఉన్నా రాసి ఉంటుంది. పక్కన ఇవ్వాల్సిన తేదీ, అడ్వాన్సు ముట్టి ఉంటే ఆ అంకె. కొన్ని పేజీలకు జాకెట్టు గుడ్డ ముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది. ఇంత వివరంగా రాసుకున్న పుస్తకంలో ఒక గడి మాత్రం కనిపించదు. ఆ జాకెట్టు మీద కుట్టినావిడ ఎన్ని గంటలు కూర్చుందన్నది అందులో ఉండదు. వీధిలో వాళ్ల కొలతలన్నీ ఎక్కించుకున్న మనిషి తన పొద్దు ఎంత పోయిందో ఎక్కించుకోదు. ఎక్కించుకొమ్మని ఎవరూ చెప్పలేదు, ఆ లెక్క చూసేవాళ్లూ లేరు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, కోలారు జిల్లా మిగతా ఊళ్లలో ఇంటి కుట్టుపనిని, అల్లికను, కుచ్చులు కట్టడాన్ని ఇంకా కాలక్షేపం కిందే జమ కడుతున్నాం. అది పని. దానికి గంటల లెక్క ఉండాలి, ఆ లెక్క మీద ధర నిలబడాలి, ఆ ధర వెనక చట్టం నిలబడాలి.

కేజీఎఫ్ లెక్కలు తెలియని ఊరు కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఇక్కడ ప్రతిదానికీ లెక్కే. దిగేవాడికి హాజరు, పైకొచ్చేవాడికి హాజరు, షిఫ్టు మారితే సైరను, తవ్విన రాయి టన్నుల్లో, కరిగించిన బంగారం గ్రాముల్లో. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న గనులివి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగింది. అయితే ఆ హాజరు పట్టీలో ఉన్నవి ఎక్కువగా మగవాళ్ల పేర్లే. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దించకూడదంది. అది ప్రాణరక్షణ కోసం పెట్టిన నిబంధనే కావచ్చు. కానీ దాని నీడలో జీతం తెచ్చే మనిషి మగవాడు, ఇంటిపట్టున ఉండే మనిషి ఆడది అన్న గీత కార్మికుల ఇళ్ల లైన్లలో మరింత గట్టిపడింది. ఇంట్లో మిషను ఉన్నా, దాని మీద నాలుగు రూపాయలు వచ్చినా, అది వేణ్ణీళ్లకు చన్నీళ్లు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. హాజరు పట్టీ ఆగిపోయింది. అప్పటి నుంచి తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే వాళ్లతోనే ఊరు బతుకుతోంది. ఆ రైలు ఎక్కలేని వాళ్లుంటారు. చంటిబిడ్డ ఉన్న తల్లి, గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన పెద్దాయనను కనిపెట్టుకుని ఉండాల్సిన కోడలు, స్కూలు నుంచి పిల్లలొచ్చే వేళకు ఇంట్లో ఉండక తప్పని మనిషి. సూదిదారం పట్టుకుని చేసే పని వాళ్లకు మిగిలింది. చన్నీళ్లనుకున్నవి చాలా ఇళ్లలో వేణ్ణీళ్లే అయ్యాయి. పేరు మాత్రం మారలేదు.

ఆ పని ఎలాంటిదో ఒక్కదాన్ని దగ్గర నుంచి చూద్దాం. పట్టుచీరకు కుచ్చు కట్టించుకోవడం కర్ణాటకలో పెళ్లిళ్లకు తప్పనిసరైంది. సరిహద్దుకు అవతల కుప్పం, పలమనేరు వైపూ ఆ ముచ్చట బాగా పాకింది. కొంగు చివర నేతగాడు వదిలిన పడుగు దారాలుంటాయి. ముందు వాటి చిక్కు తీయాలి. లెక్కగా పాయలు విడదీయాలి. ఒక పాయ లావైతే పక్క పాయ సన్నమవుతుంది, కొంగు పరిచినప్పుడు అది ఇట్టే తెలిసిపోతుంది. చీర రంగుకు సరిపడే పట్టుదారాన్ని పేటలుగా కలిపి, సన్నసూదితో అంచులోకి గుచ్చి, పూస ఎక్కించి, ముడి బిగించి, ముడి మెడకు జరీ చుట్టి, కింద అన్నీ ఒకే పొడవుకు కత్తిరించాలి. ముడి గట్టిగా లాగితే పట్టు చిరుగుతుంది, వదులైతే రెండో ఉతుక్కే జారిపోతుంది. బేబీ కుచ్చు అయితే ఒక పూటలో అవుతుంది. క్రోషా కుచ్చు అయితే రోజు దాటుతుంది. తల వంచుకుని, మెడ తిప్పకుండా, కొంగు కింద పడకుండా ఒళ్లో పరుచుకుని చేసే పని ఇది. వేల రూపాయల చీర కాబట్టి కూర చేసిన చేత్తో ముట్టుకోకూడదు. ముట్టుకునే ముందల్లా చేతులు కడుక్కోవాలి. పొయ్యి మీద అన్నం పెట్టి మధ్యలో చేసే పని కాదన్నమాట. అయినా బేరం దగ్గరికి వచ్చేసరికి వినపడే మాట ఒకటే: ‘ఇంట్లో ఖాళీగా ఉండి చేసేదే కదా, కాస్త తగ్గించు.’

ఈ ‘ఖాళీ’ అన్న మాట దగ్గరే అసలు తప్పుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. అదే పనుల్లో చెయ్యి వేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఇంటికి పోయాక కుట్టుకు దొరికే సమయం ఖాళీ సమయం ఎలా అవుతుంది? అది నిద్రలోంచి, నడుం వాల్చాల్సిన మధ్యాహ్నంలోంచి, పిల్లల పక్కన కూర్చోవాల్సిన సాయంత్రంలోంచి తీసిన సమయం. గార్మెంట్ ఫ్యాక్టరీలో ఇదే మిషను, ఇదే దారం, ఇదే మనిషి. అక్కడ గేటు దాటితే గంట మోగుతుంది, కనీస వేతనం ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది. అక్కడి బాధలు తక్కువని కాదు. కానీ అక్కడ ఆమె చేసేది పని కాదని ఎవరూ అనరు. గడప లోపల చేస్తే మాత్రం అదే పనికి పేరు పోతోంది.

పేరు పోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు పాత ఉదాహరణే ఉంది. అది గోదావరి ఒడ్డున ఉన్న లేసు నరసాపురం. మిషనరీలు నేర్పిన క్రోషా అల్లిక 19వ శతాబ్దం నుంచి ఆ ప్రాంతపు ఇళ్లలో పాతుకుంది, విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికొచ్చి పరిశీలించి, 1982లో పుస్తకం వెలువరించారు. ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న ఆడవాళ్లను ఆమె చూశారు. ఎగుమతి లాభం వ్యాపారులది, అల్లినవాళ్లకు దక్కేది కనీస వేతనంలో చిన్న ముక్క. అది అలా సాగడానికి కారణం కూడా ఆమె చెప్పారు. వీళ్లు కార్మికులు కారు, తీరిక వేళ అల్లుకునే గృహిణులు అన్న మాటను అందరూ ఒప్పుకున్నారు. వ్యాపారి ఒప్పుకున్నాడు, ప్రభుత్వ లెక్కలు ఒప్పుకున్నాయి, చివరికి అల్లేవాళ్లూ ఒప్పుకున్నారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు వచ్చింది సరుకుకు. అల్లిన గంటలకు గుర్తింపు రావడం వేరే సంగతి, అది ఇంకా మిగిలే ఉంది.

కోలారును బంగారం, పాలు, పట్టు జిల్లా అంటారు. ఇంటి పని లెక్కలోకి వస్తే ఏమవుతుందో చూడటానికి పాల దగ్గరికి పోతే చాలు. ఆవుకు మేత వేయడం, పేడ తీయడం, పాలు పిండటం ఒకనాడు ఇంటిపనే. ఎవరూ దాన్ని ఉద్యోగం అనలేదు. ఊళ్లో పాల సంఘం పెట్టాక అదే ఆవిడ అవే పాలు తెచ్చి పోస్తే లీటర్లు కొలిచారు, వెన్న శాతం చూశారు, పుస్తకంలో ఎక్కించారు, ఖాతాలో డబ్బు వేశారు. రాష్ట్ర ప్రభుత్వం లీటరుకు ఇంతని ప్రోత్సాహకం ఇవ్వగలుగుతోందంటే, ఎవరు ఎన్ని లీటర్లు పోశారో రాసి ఉండబట్టే. పాలు పోసి ఇంటికొచ్చిన మనిషే మిషను ముందు కూర్చుంటుంది. పొద్దున చేసిన పనికి పాసుబుక్కు, మధ్యాహ్నం చేసిన పనికి ‘ఎంతో కొంత ఇవ్వండి’. రెండూ ఆ రెండు చేతుల కష్టమే.

ఇంటి పనికి ఇలా గంటలు లెక్కకట్టాలంటే వచ్చే అభ్యంతరాల్లో మనసుకు తగిలేది ఒకటుంది. ప్రతిదానికీ ధర కడితే ఆప్యాయత ఏం మిగులుతుంది? పాత చీరలు పేర్చి పుట్టబోయే బిడ్డకు కుట్టే బొంత, కోలారు చలికి మనవడి చెవులు మూసేలా అమ్మమ్మ అల్లే ఊలు టోపీ, పెళ్లయి వెళ్లే పిల్లకు సారెలో పెట్టే వైరు బుట్ట, వీటికీ గంటలు రాయాలా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రేమతో చేసేదానికి బిల్లు వేయమని ఎవరూ అనడం లేదు. అసలు ప్రేమకు, పనికి తేడా చెరిపేస్తున్నది లెక్క కాదు, లెక్క లేకపోవడమే. మనవడికి టోపీ అల్లిన చేతులే కదా అని వీధి చివరి బట్టల షాపువాడు పాతిక చీరలకు ఫాల్ కుట్టించుకుని చేతిలో పెట్టినంత పెడుతున్నాడు. అమ్మమ్మ ప్రేమను అడ్డం పెట్టుకుని షాపు లాభపడుతోంది. షాపు పనికి గంటలు, ధర రాసి ఉంటే మనవడి టోపీకి మిగిలే తీరిక పెరుగుతుంది. అమ్మమ్మ కళ్లకు సాయంత్రం చూపూ మిగులుతుంది.

రెండో అభ్యంతరం మార్కెట్‌ది. రెడీమేడ్ జాకెట్లొచ్చాయి, ధర పెంచితే ఉన్న పనీ పోతుంది, నిబంధనలు పెడితే షాపువాళ్లు మరో ఊరు చూసుకుంటారు అంటారు. ఇందులో కొంత నిజముంది. ఒక్కావిడ ఒక్కతే ధర పెంచితే పక్కింటికి పోతారు, కాదనలేం. అందుకే ఇది ఒక్కొక్కరి ధైర్యానికి వదిలేసే విషయం కాదు. బీడీల సంగతి చూడండి. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లను కూడా 1966 చట్టం కార్మికులుగానే లెక్కలోకి తీసుకుంది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలకు పీఎఫ్ నంబర్లున్నాయి. తెలంగాణలో వాళ్లకు నెలనెలా భృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎవరికివ్వాలో తేల్చడానికి ఆ నంబర్లే ఆధారమయ్యాయి. బీడీ పని గొప్పదని, కూలి చాలినంత ఉందని చెప్పడం లేదు. పొగాకు ఒంటికి చేసే చెరుపు అందరికీ తెలిసిందే. కానీ గడప లోపలి పనిని చట్టం చూడలేదు అన్న మాట మాత్రం నిలవదు. చూడదలచుకున్నప్పుడు చూసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి నుంచి పనిచేసే కార్మికులకు నిర్వచనం ఉంది. యజమాని కోసం సొంత ఇంట్లో కూలికి సరుకు తయారుచేసే మనిషి దాని కిందికి వస్తుంది, మిషను ఎవరిదైనా సరే. ఇళ్ల వసారాల్లో షాపుల కోసం కుట్టేవాళ్లు ఎందరున్నారో తాలూకా వారీగా రాసి ఆ నిర్వచనం కిందికి తెచ్చే పని మొదలుకావాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటే చేశాయి, ఎక్కువగా మిషన్ల రూపంలో. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు దొరుకుతాయి. మంచి పథకమే. కానీ కుటుంబానికి ఒక్కరే అన్న నిబంధన ఒకటుంది. భర్త వడ్రంగి, భార్య దర్జీ అయితే ఇద్దరిలో ఒకరే అర్హులు. ఎవరి పేరు పోతుందో చెప్పనక్కర్లేదు. కుట్టు విషయంలోనైనా ఆ నిబంధనను మనిషికి ఒకటిగా మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మిషను ఇచ్చి వదిలేస్తే వీధిలో కుట్టేవాళ్లు పెరుగుతారు, కుట్టించుకునేవాళ్లు పెరగరు, ధర ఇంకా పడుతుంది. 1924లో గాంధీజీ యంత్రాల మీద తన అభ్యంతరాలు చెబుతూ కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడుతున్న అవస్థ చూసి సింగర్ దాన్ని తయారుచేశాడని, అందులో మనిషి మీద ప్రేమ ఉందని ఆయన భావించారు. ఆ ప్రేమ మిషను దగ్గరే ఆగిపోకూడదు.

శ్రావణమాసానికి ముందే పెళ్లిచీరల సంచులు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, బంగారుపేట, ముళబాగిలు ఇళ్లకు చేరడం మొదలవుతుంది. ఈ ఏడు ఆ కొలతల పుస్తకంలో మరో గడి గీసుకుంటే చాలు. కూర్చున్న వేళ, లేచిన వేళ. దారం, హుక్కులు, లైనింగు, కరెంటు, మిషను రిపేరు పక్కన రాసుకోవాలి. ఉదాహరణకు 300 రూపాయల జాకెట్టుకు ఖర్చులు 90 పోయి, చేతికుట్టు, హుక్కులు, కాజాలతో కలిపి నాలుగు గంటలు పట్టిందనుకుందాం. గంటకు 50 రూపాయల పైచిలుకు. ఆ అంకె ఎవరికి వాళ్లకు తెలియాలి. ఒక లైనులో ఇరవైమంది మూడు నెలలు ఇలా రాసుకుంటే లైనింగు జాకెట్టుకు ఎంత, బేబీ కుచ్చుకు ఎంత, ఫాల్‌కు ఎంత అన్నది ఊహ కాకుండా ఇరవై పుస్తకాల సగటు అవుతుంది. స్వయం సహాయక సంఘాలు వారంవారం పొదుపు రాసుకునే సమావేశం ఎలాగూ ఉంది. అదే చోట ఆ ధరల పట్టీ రాసి, అందరి గుమ్మాలకూ ఒకే పట్టీ అంటించవచ్చు. బేరమాడే వాళ్లకు పట్టీ వెనక ఉన్న గంటలు చూపించవచ్చు. కార్మిక శాఖ మనిషి వచ్చి ఇక్కడ పనివాళ్లెవరని అడిగిన రోజున ముందు పెట్టడానికి ఆ ఇరవై పుస్తకాలుంటాయి.