బోను కాదు, గూడు

మా చిన్నమ్మాయి పట్టుబట్టి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకుంది. పేరు బన్నీ. దాని వెనకే ఓ ఇనుప క్రేటూ వచ్చింది. అది చూడగానే మా ఆవిడ, "ఇంట్లోకి బోనెందుకండీ? నోరులేని పసిదాన్ని జైల్లో పెడతారా?" అని నిలదీసింది. చంద్రపూర్ వాళ్ళకు బోను అంటే అటవీశాఖ వారు చిరుతకు పెట్టేదే గుర్తొస్తుంది మరి!

నా భయమూ చిరుత గురించే. తాడోబా అడవి మాకెంతో దూరం కాదు. 2022లో దుర్గాపూర్ ప్రాంతంలో మనుషులే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక వరండాలో గొలుసుతో కట్టేసిన కుక్కకు పారిపోయే దారి కూడా ఉండదు. అందుకని బన్నీ పడక లోపలే అన్నాను. లోపలైతే ఇల్లంతా తడి. ఎనభై ఏళ్ళ మా అమ్మ ఓ తెల్లవారుజామున కాలు జారి, గోడ పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. ఆ రోజు నాకు చెమటలు పట్టాయి.

మొదటి తప్పు నాదే. చెప్పు కొరికిందన్న కోపంతో బన్నీని క్రేట్‌లోకి తోసి తలుపు వేశాను. రాత్రంతా ఏడ్చింది. ఆ తర్వాత వారం రోజులు అటువైపు రానే లేదు. "శిక్షకు వాడితే అది జైలే అవుతుంది సార్" అని పశువుల డాక్టరుగారు మెత్తగా చీవాట్లు పెట్టారు.

మళ్ళీ మొదలుపెట్టాం. తలుపు తీసే ఉంచి, అన్నం గిన్నె లోపల పెట్టాం. తింటున్నప్పుడు తలుపు ఒక్క నిమిషం మూశాం, తర్వాత అయిదు, పది నిమిషాలు. ఏడుపు మొదలుకాక ముందే తీసేవాళ్ళం. పరుపుగా వేసింది ఎవరి పాత నూలుచీరో చెప్పనక్కరలేదనుకుంటాను!

ఇందులో కిటుకు ఒక్కటే. కుక్క తాను పడుకునే చోటును సాధారణంగా పాడుచేసుకోదు. అందుకే క్రేట్ అది నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకునేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఓ మూల పడకా, ఓ మూల దొడ్డీ అవుతాయి. బయటికి తీయగానే నేరుగా పెరట్లోకి తీసుకెళ్ళాలి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు కనుక రాత్రి మనమూ ఓసారి లేవక తప్పదు. ఆఫీసుకు వెళుతూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా మూసిపెట్టడం మాత్రం పాపం.

మరో హెచ్చరిక మన ఎండల గురించి. కుక్క ప్రధానంగా రొప్పుతూనే ఒళ్ళు చల్లబరచుకుంటుంది. 45 డిగ్రీల వేడిలో గాలాడని గదిలో క్రేట్ పెడితే ప్రాణానికే ముప్పు. ఫ్యానూ నీళ్ళూ తప్పనిసరి.

అలవాటైతే లాభాలు చాలా. కరెంటు తీగలు కొరకదు. దీపావళి టపాసులకు బెదిరినా దాక్కునే చోటుంటుంది. కాజీపేట వైపు ప్రయాణంలో గార్డు పెట్టెలోని కుక్కల అరలో పెట్టాల్సి వచ్చినా అంతగా బెంబేలెత్తదు.

మొన్న అర్ధరాత్రి వీధికుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగి, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏం వచ్చిందో ఎవరూ తలుపు తీసి చూడలేదు. బన్నీ తన గూట్లో ఓ చెవి ఎత్తి మళ్ళీ పడుకుంది. మా ఆవిడ మాత్రం లేచివెళ్ళి క్రేట్ గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చింది.

జైలన్నది తనే అని నేను గుర్తుచేయలేదు. ఇంట్లో శాంతి నాకూ అవసరమే కదా!